పెండ్లి బల్లమీది చేప

గాలి పీల్చు విద్య నాకు తెలియకయున్నచో నన్నెవ్వరును పెండ్లివిందుకు గొనిపోయియుండరు. తక్కిన మత్స్యములలో పెక్కింటికి మొప్పలే గతి; నాకో, మొప్పల పైభాగమున, తలలోపల, రక్తనాళములతో నిండిన మడతలు గల మరియొక శ్వాసావయవము కలదు. సయాము దేశపు వరిమళ్లలోను బోదెలలోను వేసవియెండకు నీరు కాగి, అందలి ప్రాణవాయువు క్షీణించినప్పుడు, నా పూర్వులు పైకి వచ్చి, మూతి చాచి, ఒక్క గుక్క గాలి మ్రింగి, మరల వానలు కురియువఱకు ప్రాణములు నిలుపుకొనుచుండిరి. ఆపత్కాలమున అక్కఱకు వచ్చుటకై మా వంశము ఆర్జించిన యీ విద్యను గూర్చి విన్న మనుష్యులు, మెచ్చుకొని యూరకుండక, "ఈ చేపకు తొట్టి యక్కఱలేదు, గ్లాసెడు నీళ్లు చాలు"నని తీర్మానించిరి. కరవునాట గంజి త్రాగి బ్రదికినవానికి పంటలు పండిన పిమ్మటను గంజియే పోయవచ్చునను యజమానుని తర్కమిది.

అంగళ్లలో నన్ను ఫైటరు చేప యందురు. శాస్త్రజ్ఞులు బెట్టా స్ప్లెండెన్స్ అందురు. సయాము రాజు తన చేపలను కొన్నింటిని కాంటరు అను వైద్యునకు కానుకగా నీయగా, ఆయన 1849లో మమ్ము గూర్చి వ్రాసెను గాని పేరు పొరపడెను. 1910లో రీగనను పండితుడు దానిని దిద్ది ఇప్పటి నామకరణము చేసెను. నేడు థాయిలాండనబడు ఆ సయాము దేశపు ప్రభుత్వము 2019లో మమ్ము జాతీయ జలచరముగా ప్రకటించినది. జ్ఞాతివర్గము విషయమునను నేను తీసిపోను. తెలంగాణము రాష్ట్రమత్స్యముగా నెన్నుకొన్న కొరమీను మాకు దాయాదియే. వానికిని గాలి పీల్చు నేర్పు కలదు, ఆ నేర్పువలననే వాడు సంతలో ప్రాణములతో గంపలో నమ్ముడుపోవుచున్నాడు, మృగశిరకార్తెనాడు హైదరాబాదు నాంపల్లి మైదానమున వాని పిల్లలు ఉబ్బసరోగుల గొంతులలోనికి సజీవముగా దిగుచున్నవి. గట్టిప్రాణము మా కుటుంబమునకు వరమో శాపమో నేటికిని తేల్చుకొనలేకున్నాను.

జన్మవృత్తాంతము సంగ్రహముగనే చెప్పెదను. చెన్నపట్టణమునందలి కొళత్తూరు రంగుచేపల పెంపకమునకును వర్తకమునకును పేరుపడిన చోటు. అక్కడి యొక సిమెంటు తొట్టిలో నా తండ్రి నీటిపై నురుగుబుడగలతో గూడు కట్టి, నా తల్లి విడిచిన గ్రుడ్లు అడుగునకు జారుచుండగా ఒక్కొక్కదానిని నోట గఱచుకొని బుడగలలో చేర్చి కావలి కాచెను. మాలో పురిటిసేవ తండ్రిది. తల్లిని వెంటనే వేఱుచేయకున్నచో ఆయనయే ఆమెను తఱిమి కొట్టును. గొప్పగా చెప్పుకొనదగిన సంగతి కాదు గాని, సత్యము. మగపిల్లలము ఈడు రాగానే పోరాటమునకు దిగుదుము గావున మమ్మొక్కొక్కరిని ఒక్కొక్క సీసాలో నుంచిరి. పిదప చిన్న ప్లాస్టిక్ సంచులలో కొంచెము నీరును అంతకెక్కువ గాలియు నింపి, ముడివేసి, అట్టపెట్టెలో పేర్చి, హౌరా మార్గమున పోవు రైలెక్కించిరి. ఆ బండి అనకాపల్లి దాటి విశాఖపట్టణమున నన్ను దింపినది. అచ్చటి యంగడివాడు కొంతకాలమునకు నన్ను మరల అనకాపల్లికే పంపెను.

అనకాపల్లి యనగా లోకులకు బెల్లము జ్ఞప్తికి వచ్చును, భక్తులకు నూకాంబికమ్మవారు జ్ఞప్తికి వచ్చును. ఊరిచెంతనే శంకరమువద్ద బొజ్జన్నకొండపై భూతదయను బోధించిన బౌద్ధభిక్షువుల స్తూపములును గుహలును నేటికిని నిలిచియున్నవి. 2022 ఏప్రిలులో జిల్లాకేంద్రమైన పిమ్మట, పెండ్లివేడుకలలో విశాఖకు తీసిపోరాదను పట్టుదల కూడ ఈ యూరికి కలిగెనేమో, ఒక డెకరేషను యజమాని తన సెల్‌ఫోనులో పరదేశపు పెండ్లి బొమ్మ యొకదానిని చూచి, భోజనపు బల్లబల్లకును నడుమ పొడుగాటి గాజుపాత్రయు, అందులో నొక ఫైటరు చేపయు నుండవలెనని పెండ్లివారి నొప్పించెను. పువ్వులు మఱునాటికి వాడును, చేప వాడదుగదా యని ఆయన చెప్పిన యుక్తికి ఆడపెండ్లివారు ముగ్ధులైరి.

మత్స్యమునకు వివాహముతోడి సంబంధము క్రొత్తది కాదని నేనెఱుగుదును. ద్రౌపదీస్వయంవరమున గుఱిగా నిలిపిన చేప యంత్రము. బాణము తగిలినను దానికి నొప్పి లేదు. శకుంతల పోగొట్టుకొన్న యుంగరమును కడుపున దాచి తెచ్చిన రోహితమత్స్యము మాత్రము నిజమైనది. దానిని కోసిన జాలరికి రాజు బహుమానమిచ్చెను. ఇక శతపథబ్రాహ్మణమున మనువు చేతులు కడుగుకొను నీటిలో దొరకిన చిన్నచేప కథ కలదు: ముందు కుండలో నుంచుము, పెరిగినచో గుంట త్రవ్వుము, ఇంకను పెరిగినచో సముద్రమున విడువుమని అది వేడుకొనగా, మనువు వినెను. ఆ చేపకు నోరుండెను. నాకు నోరున్నను అది గాలి మ్రింగుటకే సరిపోయినది.

నన్ను విడిచిన నీరు మునిసిపాలిటీ కొళాయినీరు; అందలి క్లోరిను ఆరక నా మొప్పలు మండెను. పాత్ర యడుగున రంగురాళ్లును, పైన ఒక యాకుమొక్కయు నమర్చి, దాని వేళ్లు తిని చేప బ్రదుకునని డెకరేషను యజమాని పెండ్లికూతురి మేనమామకు బోధించెను. నేను పుట్టుకతో మాంసాహారిని. దోమపిల్లలు, పురుగులు నా భోజనము. ఆ వేళ్లు నాకు మేకులతో సమానము. వెచ్చని నీటిలో బ్రదుకవలసిన నన్ను ఎ.సి. గాలి సూటిగా తగులుచోట నుంచిరి. నాకు ఱెప్పలు లేవు గావున రంగురంగుల దీపములు వెలిగి యాఱుచుండగా కన్ను మూయుటకు వీలులేదు. నీటి కదలికను పసిగట్టుటకై నా యిరుప్రక్కల సృష్టికర్త గీచిన పార్శ్వరేఖలపై డీజే పెట్టెల మ్రోత దెబ్బదెబ్బగా పడుచుండెను. వీటినన్నిటిని సహించియుందును గాని, కాంతి యినుమడించుటకై పాత్ర క్రింద వారమర్చిన యద్దమును సహింపలేకపోతిని. క్రిందికి చూచినంతనే, నాతో సరిసమానమైన బలము గల శత్రువొకడు మొప్పలు విప్పి, రెక్కలు చాచి నన్ను ధిక్కరించుచుండెను. రాత్రి యెంత గడచినను వాడు వెనుకకు తగ్గలేదు, నేనును తగ్గలేదు. "ఎంత బాగా నాట్యమాడుచున్నది!" అని విందుకు వచ్చినవారు ఫోటోలు తీసికొనిరి. ఒక చిన్నవాడు మాత్రము బూంది రెండు గింజలు నీటిలో వేసి, నేను తినకుండుట చూచి కంట నీరు పెట్టుకొనెను. వానియందు నాకు కోపము లేదు, ఆ బూంది కరగి నీరు జిడ్డెక్కినను.

అప్పగింతలు ముగిసెను. పెండ్లికూతురు కారెక్కు వేళ ఏడ్చినవారెవ్వరును మా బల్లలవైపు చూడలేదు. కొందఱు పిల్లలు పాత్రలు తమకు కావలెనని మారాము చేయగా, తల్లులు చేపను చేతులు కడుగు తొట్టిలో పాఱబోసి, గాజుపాత్రను మాత్రము కొంగున తుడిచి తీసికొనిపోయిరి. ఒక పెద్దమనిషి జాలిపడి రెండు చేపలను దగ్గఱి చెరువులో విడువుమని పనివానికిచ్చెను. ఆ జాలియు వివేకముతో కూడినది కాదు. ఎవరో యిట్లే విడిచిన సక్కరు చేప నేడు ఆంధ్రదేశపు చేపలచెరువులలో రాకాసియై రైతుల పంట చెఱచుచున్నది. మిగిలిన మమ్మందఱిని, పాత్రలు అద్దెవి గావున వెంటనే ఖాళీ చేయవలెనని, డెకరేషను కుఱ్ఱవాండ్రొక్క ప్లాస్టిక్ బకెట్టులో గ్రుమ్మరించిరి.

కొళత్తూరులో చదువురాని పిల్లవాడైనను చేయని పని యది. మగ ఫైటర్లను ఒక్కచోట కలుపరాదని మా పేరే చెప్పుచున్నది. ఆ చీకటిలో, ఎంగిలియాకుల వాసనలో, రాత్రియంత అద్దములోని శత్రువుతో పోరి యలసిన మేము నిజమైన శత్రువులతో మరల పోరితిమి. ఎవడు ముందు కఱచెనో చెప్పజాలను, నేనును కఱచితిని. తెల్లవాఱుసరికి బకెట్టులో కదలుచున్నవారు కొద్దిమంది; నా తోక చింపిగుడ్డపేలికలైనది. కుఱ్ఱవాండ్రు వ్యాను నిండ కుర్చీలు, పరదాలు లెక్కపెట్టి యెక్కించుకొనిరి. లెక్కలో బకెట్టు లేదు, అది మండపమువారిది.

ధర్మశాస్త్రము మమ్ము మఱచినదనుకొనరాదు. 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము, మనుష్యుడు తప్ప తక్కిన ప్రాణి యెల్ల జంతువేయని నిర్వచించినది గావున నేనును అందు చేరుదును. మొదటి తప్పునకు పది రూపాయలకు తక్కువకాకుండ, ఏబది రూపాయలకు మించకుండ జరిమానాయట. అంగడిలో నాకు కట్టిన వెల అంతకెక్కువ. నన్ను కొనుటకన్న నన్ను హింసించుటయే చౌకయైన కాలమున ఎవరిని దూషింతును?

మండపమున గిన్నెలు తోము ముసలమ్మ బకెట్టు కడుగబోయి నన్ను చూచి, దోసిటితో తీసి, వెనుక పెరటిలోని సిమెంటు గోళెములో వేసెను. అందు దోమపిల్లలు కోకొల్లలు. నా జీవితమున నాకు దక్కిన మొదటి పెండ్లిభోజనము అదియే యని చెప్పవచ్చును. శుక్రవారమునాడు, నీటినిలువలను పాఱబోయించు డ్రై డే పనిమీద ఆరోగ్యకార్యకర్త యొకతె వచ్చి గోళెము బోర్లింపుమనెను. "ఏటమ్మా పారబొయ్యడం! సూడు, ఒక్క పురుగున్నాదేటి? ఈ సేపే తినేత్తంది" అని ముసలమ్మ అడ్డుపడెను. ఆ పిల్ల టార్చి వేసి, వంగి, చాలసేపు వెదకి, "నిజమేనమ్మా, కాని మూత పెట్టుకో" అని, గోడపై సుద్దతో గుర్తువ్రాసి పోయెను. సర్కారువారు చెరువులలో గంబూజియా చేపలను విడిచి చేయించుకొను కొలువును నేను జీతము లేకుండ చేయుచున్నానన్నమాట.

మొన్న డెకరేషను యజమాని మాఘమాసపు ముహూర్తములకు కొలతలు తీసికొనుటకు వచ్చి, గోళెములోనికి తొంగిచూచి, "ఇది మనదే కదా" అనెను. ముసలమ్మ మాటాడలేదు. ఆయన మరికొంత వంగి నా తోక పరీక్షించి, "చిరిగిపోయిందిలే, ఫోటోకి పనికిరాదు" అని విశాఖకు ఫోను చేసి క్రొత్తవి కావలెనని చెప్పెను. నీలమువే పంపవలెనట, పెండ్లికూతురి పట్టుచీర నీలమట. మా జాతికి చిరిగిన రెక్కలు మంచినీటిలో మరల మొలచును. నాకు అప్పుడే అంచున పలుచగా చిగురు కనబడుచున్నది. ఈ సంగతి ఆయనకు ఎవ్వరును చెప్పకుందురుగాక.