టోపీ బాబు

శనివారం సాయంత్రం ఓక్ ట్రీ రోడ్డులో బిర్యానీ హోటల్ ముందు పేరు రాయించుకుని నిలబడ్డ గుంపులో అతన్ని గుర్తుపట్టడం తేలిక. ఎండా ఉండదు, వానా ఉండదు, నెత్తిన యాంకీస్ బేస్‌బాల్ జట్టు టోపీ మాత్రం ఉంటుంది. లోపలికి పిలిచాక టేబుల్ దగ్గరా తీయడు. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఏ అపార్ట్‌మెంట్ల సముదాయం చూసినా ఇలాంటివాడు ఒకడైనా ఉంటాడు గనక, అందరికీ కలిపి నేను పెట్టుకున్న పేరు టోపీ బాబు. వయసు ఇరవై ఏడుకి అటూ ఇటూ. హెచ్-1బి మీద ఉద్యోగం. గోదావరి కాలవగట్టు మీద సొంతూరు. సంబంధాలు చూస్తున్నారు. జుట్టు పోతోంది.

బేస్‌బాల్ జట్టులో ఎంతమంది ఆడతారో బాబుకి తెలీదు. ఓ రోజు మెట్రోపార్క్ స్టేషన్లో ఓ పెద్దాయన టోపీ చూసి ముచ్చటపడి, రాత్రి ఆట ఎలా ఉందని మాట కలిపాడు. "గ్రేట్ గేమ్" అన్నాడు బాబు హుషారుగా. రాత్రి యాంకీస్ చిత్తుగా ఓడారట. ఆయన మరి మాట్లాడలేదు. రైలొచ్చాక వేరే పెట్టె ఎక్కాడు.

ఇలాంటివాడు ఈ ఊళ్ళోనే పుట్టుకురావడం ఓ వింత. థామస్ ఎడిసన్ 1879లో బల్బు వెలిగించింది ఇక్కడి మెన్లో పార్కులోనే. 1954లో రారిటన్ టౌన్‌షిప్ అన్న పాత పేరు తీసేసి ఊరికి ఆయన పేరు పెట్టుకున్నారు. ప్రయోగశాల ఉన్నచోట ఓ స్తంభం కట్టి, దాని నెత్తిన పేద్ద గాజు బల్బు కూర్చోబెట్టారు. అంత వెలుగు చరిత్ర ఉన్న ఊళ్ళో బాబుకున్న ఏకైక శత్రువు పైనుంచి పడే లైటు. ఎవరింటికి భోజనానికి వెళ్ళినా గుమ్మంలోనే సీలింగు కొలుస్తాడు. బల్బు కింద కుర్చీ వస్తే "ఏసీ కొడుతోంది" అంటూ లేచి మారతాడు. జనవరిలో కూడా.

బట్టతలని మన తాతలు బట్టతల అని ఊరుకున్నారు. బాబు అలా వదలడు. హామిల్టన్ అనే ఆయన 1951లో మొదలుపెట్టిన కొలతల్ని 1975లో నార్వుడ్ అనే డాక్టరు సరిదిద్ది, మగవాడి నెత్తిని ఏడు మెట్లుగా విడగొట్టాడు. బాబు ఇప్పుడు రెండున్నర. రూమ్మేట్ మూడు, అందులోనూ వెర్టెక్స్ రకం, అంటే నడినెత్తిన రూపాయి బిళ్ళంత ఖాళీ. ఇద్దరూ వంటింట్లో గిన్నెలు తోముకుంటూ వీటిని సాఫ్ట్‌వేర్ వెర్షన్ల లెక్కన మాట్లాడుకుంటారు. మొదటిసారి నన్ను చూసినప్పుడు బాబు నా తల వంక రెండు క్షణాలు నిలబడి చూసి, "అంకుల్, మీరు సెవెన్" అన్నాడు. ఆ గొంతులో గౌరవం ఉంది. వైద్య కళాశాలలో ఎముకల గూడు ముందు కొత్త విద్యార్థికి ఉండే గౌరవం.

అతని లాప్‌టాప్‌లో ఎక్సెల్ షీటు ఒకటుంది. ప్రతి నెలా మొదటి ఆదివారం, అదే బాత్రూమ్, అదే లైటు, అదే కోణం, నాలుగు ఫోటోలు. దిండు మీద రాలినవి ఒక వరస, దువ్వెనలో చిక్కినవి ఒక వరస. ఆఫీసులో ఇంత శ్రద్ధగా రిపోర్టు రాస్తే ఈపాటికి మేనేజరయ్యేవాడు. ఓసారి బాత్రూమ్ తూము మూసుకుపోయి రూమ్మేట్లు ముగ్గురూ తగువులాడుకున్నారు. "నాది అయ్యే ఛాన్సే లేదు, నా దగ్గర అంత స్టాకు లేదు" అని బాబు షీటు తెరిచి నిరూపించుకున్నాడు.

జుట్టు ఎందుకు పోతోందన్న దాని మీద మనవాళ్ళలో రెండో మాట లేదు. నీళ్ళు. హైదరాబాదులో ఉన్నప్పుడు బోరు నీళ్ళు, బెంగుళూరులో ట్యాంకరు నీళ్ళు, ఎడిసన్ వస్తే ఎడిసన్ నీళ్ళు. లోకంలో తెలుగువాడి జుట్టుకి సరిపడే నీళ్ళు వాళ్ళమ్మ కాపరమున్న ఊళ్ళోనే దొరుకుతాయి. బాబు షవరుకి ఫిల్టరు బిగించాడు. వాళ్ళమ్మ గుంటగలగరాకు నూనె కాచి, మూడు పొరల ప్లాస్టిక్ చుట్టి, వచ్చేవాళ్ళ సూట్‌కేసులో పంపింది. అది సూట్‌కేసులోనే కారి ఎవరిదో పట్టుచీర పచ్చబడింది. నీళ్ళ సంగతి ఎలా ఉన్నా, బట్టతల మేనమామ పోలికన్న మాట కొంత నిజమే. తల మీద ప్రభావం చూపే జన్యువుల్లో ముఖ్యమైనదొకటి తల్లి ఇచ్చే ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది. తండ్రి వైపు నుంచీ బోలెడు వస్తాయి. కానీ పుట్టిన రోజున ఊయల చుట్టూ చేరి "అచ్చం మేనమామ పోలికే" అని మురిసిన వాళ్ళెవరూ ఇప్పుడా ముక్క ఎత్తడం లేదు.

మందుల సంగతి బాబు నాకు రైల్లో చెప్పాడు. మినాక్సిడిల్ అసలు బీపీ మాత్ర. వేసుకున్న రోగులకి ఒళ్ళంతా వెంట్రుకలు మొలుస్తుంటే దాన్నే తలకి రాసే మందుగా మార్చారు. 1988లో అమెరికా ప్రభుత్వం అనుమతిచ్చింది. రాస్తున్నంతకాలం పనిచేస్తుంది, మానేస్తే దాని మీద నిలిచిందంతా రాలుతుంది. పైగా మొదటి వారాల్లో ఉన్నది ఇంకాస్త రాలుతుంది. ఆ వారాల్లో బాబు ఎవరికీ కనబడలేదు, కెమెరా ఆపేసి మీటింగులు చేశాడు. ఇంకో మందు ఫినాస్టరైడ్. మెట్రోపార్క్ దాటగానే తర్వాతి స్టేషను రాహ్‌వే. అక్కడ రైలు ఆగినప్పుడల్లా బాబు కిటికీలోంచి భక్తిగా చూస్తాడు. ఆ మందు తెచ్చిన మెర్క్ కంపెనీ ఆ ఊరిదే. డొమినికన్ రిపబ్లిక్‌లోని కొన్ని పల్లెల్లో ఒక ఎంజైము పుట్టుకతోనే తక్కువగా ఉన్న కుటుంబాల గురించి 1974లో శాస్త్రవేత్తలు రాశారు. ఆ ఇళ్ళలో మగవాళ్ళకి పెద్దయ్యాక ప్రోస్టేట్ పెరగదు, బట్టతల రాదు. అదే ఎంజైముని మాత్రతో అడ్డుకుంటే? 1992లో ప్రోస్టేటుకి, 1997 చివర్లో జుట్టుకి మందు వచ్చేసింది.

"మరి వేసుకుంటున్నావా?"

బాబు అటూ ఇటూ చూశాడు. పెట్టెలో సగం మంది తెలుగువాళ్ళు. గొంతు తగ్గించాడు. కొద్దిమందిలో ఆ మాత్ర సంసారపక్షం ఉత్సాహాన్ని తగ్గిస్తుందని కాగితం మీద రాసి ఉందట. జుట్టు కావాల్సింది పెళ్ళి కోసం. మాత్ర కావాల్సింది జుట్టు కోసం. ఆ లెక్క ఎటు తిప్పినా మొదటికొచ్చి ఆగుతోందని అతని బాధ. సీసా కొన్నాడు, సీలు తీయలేదు.

ఈలోగా ఆదుకుంటున్నది కెరటిన్ పొడి. ఉప్పుడబ్బా లాంటి డబ్బాలో నల్లటి నలుసులు. చల్లితే ఉన్న వెంట్రుకలకి అతుక్కుని ఒత్తుగా కనిపిస్తుంది. దీంతో ఆఫీసుకి వెళ్ళొచ్చు, ఫోటో దిగొచ్చు. వాన, చెమట, పెద్దల ఆశీర్వాదం, ఈ మూడే పనికిరావు. ఎవరి వ్రతానికో పీటల దగ్గరికెళ్ళి కాళ్ళకి దణ్ణం పెడితే, ఓ పెద్దావిడ అభిమానం కొద్దీ తల మీద చెయ్యి ఆనించి మరీ దీవించింది. ఆనక ఆవిడ అరచెయ్యి చూసుకుంది. ఇక బ్రిడ్జ్‌వాటర్ వెంకటేశ్వరస్వామి గుళ్ళో టోపీ తీయక తప్పదు, తీశాక శఠగోపం తప్పదు. అర్చకుడి చెయ్యి వస్తుంటే బాబు మెడ రెండంగుళాలు కిందికి దించుతాడు. శఠగోపం ఇంకో రెండంగుళాలు దిగుతుంది. పక్కనున్నవాళ్ళు అతని వినయానికి ముచ్చటపడతారు.

చివరికి అతని ఆలోచనంతా ఆపరేషన్ మీదికి వెళ్ళింది. అమెరికాలో దీనికి ఆద్యుడు మనకి గంట దూరంలోనే ఉన్న న్యూయార్కు డాక్టరు, నార్మన్ ఒరెంట్రైక్. తల వెనక భాగంలోని వెంట్రుకని తెచ్చి ముందు నాటినా, అది తన పాత గుణాన్నే పట్టుకుని ఉంటుందని, రాలదని 1952లో చేసి చూపించాడు. ఆ సంగతి బాబు వీడియో కాల్లో వాళ్ళ నాన్నకి అరగంట వివరించాడు. ఆయన ముగ్గురు కౌలుదార్లని చూసుకునే రైతు. అంతా విని, "నారు పీకి ఊడ్చడమేగదరా, దానికి ఇంగ్లీషెందుకు" అన్నాడు. తర్వాత కాసేపు ఆలోచించి అడిగాడు. "నారుమడి ఎంతుంది?"

మనిషి తల వెనక నుంచి తీయదగ్గది మొత్తం మీద అయిదారు వేల గ్రాఫ్టులు. ఒక్కో దాంట్లో ఒకటి నుంచి నాలుగు వెంట్రుకలు. ఒక విడతలో రెండు మూడు వేలు నాటేస్తారు.

"ఎండిపోయే పొలం ఎంతో తేలిందా?"

తేలలేదు.

"నీకు ఇరవయ్యేడు. ముందు మడి రెండెకరాలకి నారంతా ఊడ్చేసి, రేపు వెనకాల పదెకరాలు ఎండితే ఏం చేస్తావురా అబ్బాయ్? ముందు వరస పచ్చగా, మధ్యలో బీడు. చూసేవాడికి ఎట్టా ఉంటదది?"

ఇక్కడో క్లినిక్‌లో డాక్టరు కూడా ఇదే చెప్పాడు. కుర్రవయసులో తొందర వద్దు, ఎటు పోతుందో తేలనీ, మందులు వాడి నిలబెట్టుకో, తర్వాత చూద్దామన్నాడు. కన్సల్టేషన్ ఫీజు తీసుకున్నాడు. నాన్న ఉచితంగా చెప్పాడు గనక బాబు ఆ మాటని షీటులోకి ఎక్కించలేదు. డాక్టరుది ఎక్కించాడు.

అయినా ధరలు చూడటం మానలేదు. అమెరికాలో చేయించుకుంటే పది పదిహేను వేల డాలర్లు మాటవరసకి చెబుతారు. ఇన్సూరెన్సు రాదు. పన్నులోనైనా తగ్గుతుందేమోనని వెతికాడు. ఐఆర్ఎస్ వాళ్ళ 502 నంబరు పుస్తకంలో, వైద్య ఖర్చు కింద చెల్లనివాటి జాబితాలో జుట్టు నాటించుకోవడానికి ప్రత్యేకంగా ఓ శీర్షికే ఉంది. ప్రభుత్వం తనని ముందే ఊహించిందన్న బాధ బాబుని వారం రోజులు వదల్లేదు. ఇస్తాంబుల్‌లో హోటలూ కారూ కలిపి అందులో నాలుగో వంతుకే అవుతుంది. అక్కణ్ణుంచి వచ్చే విమానాల నిండా నుదుటికి పట్టీ కట్టుకున్న మగవాళ్ళే ఉంటారు. కానీ బాబు పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు ఎప్పుడో దాటింది. దేశం దాటితే మళ్ళీ స్టాంపింగ్ పడ్డాకే రావాలి. ఇక మిగిలింది హైదరాబాదు. స్టాంపింగ్ అక్కడే, అమ్మానాన్నా అక్కడికే వస్తారు, బంజారాహిల్స్‌లో అడుగుకో క్లినిక్కు.

ఇక్కడ బాబుకి ఓ గొప్ప సంగతి తట్టింది. ఈ ఆపరేషన్‌కి చాలాచోట్ల గుండు గీస్తారు. నాటిన వెంట్రుకలు కూడా కొన్ని వారాల్లో రాలిపోయి, మూడు నాలుగు నెలలకి మొలకెత్తి, ఏడాదికి గానీ నిండవు. మిగతా లోకంలో మగవాడు గుండుతో ఆఫీసుకొస్తే జబ్బు చేసిందా, సైన్యంలో చేరాడా అని నానా అనుమానాలు. తెలుగువాడు ఇండియా వెళ్ళి గుండుతో దిగితే ఎడిసన్ మొత్తం అడిగేది ఒకటే ప్రశ్న. "దర్శనం బాగా జరిగిందా?"

"అంకుల్, ఇంత కవరేజీ ఏ జాతికీ లేదు" అన్నాడు.

"మరి లడ్డూ అడుగుతారుగా?"

అతని మొహం పడిపోయింది. షీటులో కొత్త వరస చేర్చాడు. లడ్డూలు.

వాళ్ళమ్మ దగ్గర అంతకంటే పెద్ద చిక్కు తయారుగా ఉంది. కొడుకు తల నిండా జుట్టు వస్తే తిరుపతిలో తలనీలాలు ఇప్పిస్తానని ఆవిడ ఎప్పుడో మొక్కేసుకుంది. వేల డాలర్లు పోసి మొలిపించుకున్నదాన్ని కల్యాణకట్టలో అప్పగించాలి! కుదుళ్ళు ఉంటాయిగా మళ్ళీ వస్తుందని వాడే ఆవిడకి చెప్పాడు, చెప్పినందుకు ఇప్పటికీ ఏడుస్తున్నాడు. తిరుమల జుట్టుని దేవస్థానం వేలం వేస్తుంది. అందులోంచి విగ్గులు తయారై దేశదేశాలకి వెళతాయి. 2004లో ఒక యూదు మతగురువు ఆ విగ్గులు గుడి మొక్కుబడి జుట్టుతో చేసినవి గనక పనికిరావని తీర్పు చెబితే, బ్రూక్లిన్‌లో వీధిలో కుప్ప పోసి తగలబెట్టారు. "మనవాళ్ళ జుట్టు సముద్రాలు దాటి బ్రూక్లిన్ దాకా వచ్చింది అంకుల్, ఇంకో గంట ప్రయాణం చేసి నా దాకా రాలేకపోయింది" అన్నాడు బాబు.

నాకు చాలాకాలం అర్థం కానిది ఒకటుంది. ఇంత లెక్క కట్టినవాడు ఎందుకు చేయించుకోడు? పోనీ ఎందుకు వదిలెయ్యడు? ఈమధ్యే తెలిసింది. చేయించుకుంటే జుట్టు వస్తుందో రాదో తేలిపోతుంది. వదిలేస్తే నాలాంటివాడై కూర్చుంటాడు. ఆలోచిస్తున్నంతకాలం మాత్రం తల నిండా జుట్టు ఉన్నట్టే.

కిందటి అక్టోబరులో స్టాంపింగ్‌కి వెళ్ళాడు. మూడు వారాలకి దిగాడు, నున్నటి గుండుతో. అపార్ట్‌మెంట్లో అందరూ దర్శనం గురించే అడిగారు. లడ్డూ కూడా ఇచ్చాడు, తలా చిటికెడు. నేను మాత్రం ఊరుకోలేక వెనక్కి తిరగమని తల వెనక చుక్కలున్నాయేమో చూశాను. ఒక్కటీ లేదు.

"ఇంకా డిసైడ్ కాలేదంకుల్. అమ్మ ముందు తిరుపతి అంది. జుట్టు వచ్చాక గదా మొక్కు అంటే, ఆయన వడ్డీకాసులవాడు, అడ్వాన్సు ఇస్తే కాదంటాడా అంది. సరే, ఎలాగూ ఆపరేషన్‌కీ గుండు కావాలిగదా, రెండింటికీ పనికొస్తుందని చేయించేశాను."

"మరి అట్నుంచి అటే చేయించుకుని రాకపోయావా?"

"అక్కడే దెబ్బతిన్నా. వీసా ఫోటో గుండుతో దిగాల్సొచ్చింది. స్టాంపు మీద పడింది ఆ బొమ్మే. మూడేళ్ళు అదే. ఇప్పుడు జుట్టు మొలిపించుకుని ఎయిర్‌పోర్టులో నిలబడితే, ఇది నేనేనని ఆ ఆఫీసరు నమ్మొద్దూ?"