బొమ్మ ఇటుక ఆత్మకథ

పెనుబల్లి అంగన్‌వాడీ పిల్లలు పేర్చి ఆడుకునే ప్లాస్టిక్ ఇటుకను నేను. తల మీద బొడిపెలు, కడుపులో గొట్టాలు, అంతే నా ఒళ్లు. మా చిన్నప్పటి ఇటుకలు ఇప్పుడేవీ అని పెద్దవాళ్లు బెంగపడతారు. ఆ బెంగ న్యాయమైనదే కానీ, మారింది మేం కాదంటాను. డెన్మార్క్‌లోని బిల్లుండ్‌లో ఓలె కిర్క్ క్రిస్టియాన్సెన్ అనే వడ్రంగి 1932లో మొదలుపెట్టిన లెగో సంస్థ, బ్రిటన్‌లో హిల్లరీ పేజ్ చేసిన ఇటుకలను చూసి 1949లో తనవి తయారుచేసింది. లోపల బోలు కావడంతో వాటికి పట్టు నిలిచేది కాదు. 1958లో కడుపులో గొట్టాలు పెట్టాక బిగువు వచ్చింది. ఆనాటి కొలతే నేటికీ ఉంది. తాతగారి ఇటుక మనవడి ఇటుకకు అతుక్కుంటుంది.

మారింది పెట్టె. 1999లో స్టార్ వార్స్ సినిమాల సెట్లు వచ్చాయి. సినిమాలో చూసిన వాహనమే బొమ్మగా తయారుకావాలి, ముక్కలన్నీ దానికోసమే. నా బలమేమో రకాలు తక్కువగా ఉండడంలో ఉంది. ఎనిమిది బొడిపెల ఇటుకలు ఒకే రంగువి ఆరు ఉంటే వాటిని 91,51,03,765 విధాలుగా కలపవచ్చని డెన్మార్క్ గణితవేత్త సోరెన్ ఐలర్స్ లెక్క తేల్చాడు. ఆరింటికే ఇంత! బొమ్మ చూసి కట్టడమూ చదువే కదా అంటారు. ఒప్పుకుంటాను. పటం చదవడం, ముక్క వెతకడం, ఓపిక పట్టడం చిన్న విద్యలు కావు. అయితే మా పెనుబల్లి దగ్గరి లంకాసాగర్ చెరువు కట్ట ఎలా కట్టాలో చూపే కాగితం ఏ పెట్టెలోనూ రాదు. తాను రోజూ చూసే చెరువు కట్టను పిల్ల తనంతట తానే ఊహించి పేర్చాలి, కూలితే కారణం తానే వెతుక్కోవాలి. విడి ఇటుకల పెట్టెలు ఇప్పటికీ అమ్ముతున్నారుగా అనేవారి మాటా నిజమే. అలాంటప్పుడు బెంగతో ఆగకుండా వాటినే కొనాలి.

పాతదంతా మేలని మాత్రం అనను. పట్టులేని చవక ఇటుకలు అప్పుడూ ఉన్నాయి, ఇప్పుడూ ఉన్నాయి. పిల్ల సరిగ్గా పేర్చినా గోడ ఊడిపోతే, తప్పు తనదేననుకుంటుంది. నాకు అన్నిటికన్నా బాధ అదే. మన దేశంలో 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. అది చూసేది పిల్లల భద్రతను, ఇటుక బిగువును కాదు. కాబట్టి అంగన్‌వాడీకి బొమ్మలు కొనేవాళ్లు ముందు రెండు ఇటుకలు బిగించి, ఊపి చూడాలి. రంగురంగుల రకాలు తగ్గించి, ఒకే కొలతవి ప్రతి పిల్లకూ దోసెడు దక్కేలా తేవాలి.