ఏరు దాటామనుకున్నాను

తెలియని విషయం గురించి నోరు మూసుకుని కూర్చోవడం నాకు పుట్టాక చేతకాలేదు. మీకు మాత్రం అవుతుందా? అందులోనూ కాకినాడ నుంచి తోడల్లుడు దిగాడు. న్యూయార్క్‌లో ఇన్నేళ్లుగా ఉంటూ ఆయన ముందు తగ్గితే ఇంకేమన్నా ఉందా?

ఒకటో నంబరు రైలు మన్‌హటన్ ఉత్తరపు కొసన వంతెనెక్కింది. "దీవి అయిపోయింది. ఇక బ్రాంక్స్," అని ఆ నేలకి పట్టా రాసిచ్చిన దొరలా ప్రకటించాను.

"ఈ ఉప్పుటేరు పేరేంటన్నగారూ?"

స్పైటెన్ డైవిల్ అన్నాను. అక్కడితో ఆగొచ్చుగా! 1693లో ఫ్రెడరిక్ ఫిలిప్స్ "ఇదిగో, ఈ నీళ్ల మీదే" కింగ్స్ బ్రిడ్జి కట్టి, దాటేవాళ్ల దగ్గర సుంకం వసూలు చేశాడన్నాను. దయ్యం అడ్డొచ్చినా సరే ఈదేస్తానని దూకి మునిగిపోయిన బాకావాడి కథ వాషింగ్టన్ ఇర్వింగ్ రాశాడన్నాను. గొప్పలకు పోతే మునుగుతారని ఆ కథే చెబుతోంది. చెప్పిన నోటికి వినే చెవుల్లేవు.

మార్బుల్ హిల్ స్టేషన్‌లో దిగాం. మళ్లీ "బ్రాంక్స్" అన్నాను. బెంచీ మీది పెద్దాయన "ఇది మన్‌హటనే" అన్నాడు. కాదన్నాను, నీళ్లు దాటొచ్చామన్నాను, ఫోను తీశాను, పిన్‌కోడు బ్రాంక్స్‌దే చూడమన్నాను, గొంతు పెంచాను, పుట్టినప్పటినుంచీ అక్కడే ఉన్న మనిషికి ఆయన ఊరేదో నేను నేర్పాను!

ఆయన నవ్వాడు. ఓటు మన్‌హటన్‌లోనేనట. పాత ఏరు ఈ గుట్టకి ఉత్తరంగా చుట్టు తిరిగి పారేది. ఇరుకు, వంకరలు, లోతు లేదు, ఓడలు పట్టవు. అందుకని గుట్టకి దక్షిణంగా కాలువ తవ్వి 1895లో తెరిచారు. దాంతో గుట్ట విడిగా చిన్న దీవైంది. 1914లో పాత ఏటిని పూడ్చేస్తే బ్రాంక్స్ నేలకి అతుక్కుంది. కాగితాల్లో మాత్రం మన్‌హటన్‌గానే ఉండిపోయింది. 1939లో బ్రాంక్స్ అధ్యక్షుడు జేమ్స్ లయన్స్ ఇక్కడ జెండా పాతి ఇది మాదేనన్నాడు. జనం ఎగతాళి చేశారు. 1984లో రాష్ట్ర చట్టసభ కూడా మన్‌హటనే అని తేల్చింది.

లయన్స్ పేరు వినగానే ప్రాణం లేచొచ్చింది. అంతటివాడే పప్పులో కాలేశాడు, నేనెంత? కానీ తోడల్లుడు ఊరుకుంటేనా!

"మరి అన్నగారు రైల్లో వంతెన కథ చెప్పింది...?"

"తవ్విన కాలువ చూపించి," అన్నాడు పెద్దాయన. "అసలు ఏరు అటుపక్క, మట్టికింద."

రాత్రి వీడియో కాల్‌లో ఈ కథంతా కాకినాడ చేరింది. అత్తగారు సాంతం విని, ఎంతో నెమ్మదిగా అడిగారు: "ఇంతకీ మీరుండేది అమెరికాయేనా బాబూ?"