పెట్టె కొన్నవాడు: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యం

అవతారిక: ఇంటరు గట్టెక్కిన కుమారుడు గేమింగ్ కంప్యూటరు కావాలన్నాడు. తండ్రి 60 వేలకు ఒప్పుకొని, మానిటరు పాతదే చాలన్నాడు. కంపెనీవాడు బిగించిన పెట్టె తేవడమా, సికింద్రాబాదు పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ మెట్లెక్కి విడిభాగాలు తేవడమా అని ఇంట్లో రగడ మొదలైంది. భోజనానికి వచ్చిన మేనమామ, చెయ్యి కడుక్కుంటూ చెప్పిన పద్యమిది.

పెట్టె కొన్నవాడు బిల్లుతో తృప్తుడౌ
భాగమేర్చువాడు బాధపడును
లైట్లు చూచి మురియ లాభమేమున్నది
లోపలున్న పవరు లొట్టయైన

ప్రతిపదార్థం: పెట్టె కొన్నవాడు = సీలు విప్పని కంప్యూటరును అట్టపెట్టెతో సహా కొన్నవాడు; బిల్లుతో = ఒకే కాగితం, ఒకే వారంటీ అన్న ధీమాతో; తృప్తుడౌ = తృప్తి చెందును, ఇంకా ప్లగ్గు పెట్టకమునుపే అని భావం; భాగమేర్చువాడు = ప్రాసెసరు, మదర్‌బోర్డు, ర్యాము, ఎస్‌ఎస్‌డీ, గ్రాఫిక్స్ కార్డు, ఎస్‌ఎంపీఎస్, క్యాబినెట్ అను సప్తాంగములను ఒక్కొక్కటిగా బేరమాడువాడు; బాధపడును = స్పష్టము; లైట్లు చూచి మురియ = అద్దం తలుపు వెనుక తిరిగే రంగుల ఫ్యాన్లను చూసి పొంగిపోతే; లాభమేమున్నది = ఏమీ లేదు; లోపలున్న పవరు = ఎస్‌ఎంపీఎస్, అనగా భాగాలన్నిటికీ కరెంటు అందించే డబ్బా; లొట్టయైన = డొల్లదైనచో.

తాత్పర్యం: ఎలా కొన్నా సరే, ముందు ఎస్‌ఎంపీఎస్ చూసుకో నాయనా.

విశేషాలు: మూడో పాదంలో లైట్లకూ లాభానికీ యతిమైత్రి చక్కగా కుదిరింది. అంగట్లోనూ కుదురుతుంది, కాకపోతే ఆ లాభం కొట్టువాడిది.

"బాధపడును" అనడంలో కవి కొంత పెంచి చెప్పాడు. రైజెన్ 5 5600 వంటి ప్రాసెసరు అడుగున 1331 బంగారు పిన్నులుంటాయి, నిజమే. ఒకటి వంగినా గుండె ఝల్లుమంటుంది. కానీ మూలనున్న చిన్న త్రికోణాన్ని సాకెట్టు మీది త్రికోణంతో సరిపోయేలా పెట్టి వదిలితే అది తనంత తానే కూర్చుంటుంది, నొక్కేవాడికే కష్టం. అసలు బాధ వేరే చోట ఉంది. క్యాబినెట్ మీది పవర్ బటన్‌నుంచి వచ్చే సన్నని తీగలను, బోర్డు మూలన చీమతలకాయంత అక్షరాలు చదువుకుంటూ, ఫోను లైటు ఎవరిచేతనో పట్టించుకొని గుచ్చాలి. అంతా అయ్యాక తెర నల్లగానే ఉంటుంది. ఇల్లంతా కుమారుణ్ణి చూస్తుంది. కారణం: హెచ్‌డీఎంఐ తీగ గ్రాఫిక్స్ కార్డుకు కాక మదర్‌బోర్డుకు పెట్టాడు, ఆ ప్రాసెసరుకు సొంత గ్రాఫిక్స్ లేదు. తీగ కాస్త కిందికి మారిస్తే సరి. అదీ చేతకాదనుకున్నవాడికి, సామానంతా తమ దగ్గరే కొంటే బిగించి ఇచ్చే కొట్లున్నాయి. ఈ మధ్యేమార్గాన్ని కవి ఎందుకు విడిచాడో తెలియదు. ఆటవెలదిలో చోటు చాలక కావచ్చు.

"లొట్ట" అన్న మాటకు ప్రత్యక్ష ప్రమాణం కావాలంటే ఎస్‌ఎంపీఎస్ పక్కన అంటించిన స్టిక్కరు చదవాలి. పైన లావుపాటి అంకెల్లో 450 అని ఉంటుంది. కింద గళ్ళలో 12 వోల్టుల గడి వెతకాలి. అక్కడ 14 ఆంపియర్లని ఉంటే, 12తో గుణించగా 168 వాట్లు. ప్రాసెసరూ, గ్రాఫిక్స్ కార్డూ తాగేది ముఖ్యంగా ఆ గడిలోంచే. ఆర్‌ఎక్స్ 6600 కార్డుకు 132, మన ప్రాసెసరుకు 65, వెరసి 197. 168లో 197 ఎట్లా ఇముడును? ఆట మంచి పట్టుమీదుండగా కంప్యూటరు చప్పున ఆరిపోవుటకు, పోతూ పోతూ బోర్డును కూడా తీసుకుపోవుటకు ఇదియే హేతువు. "ఎయిటీ ప్లస్" ముద్ర ఉంది కదా అని ఊరడిల్లరాదు: కరెంటు ఎంత తక్కువ వృథా చేస్తుందో అది చెబుతుందే గాని, రక్షణ మాట ఎత్తదు. అమ్మకపు ప్రకటనలో ప్రాసెసరు పేరూ కార్డు పేరూ పెద్దక్షరాల్లో ఉండి, ఎస్‌ఎంపీఎస్ దగ్గర కంపెనీ పేరే లేకపోతే, కవి హృదయం అక్కడ తెలుస్తుంది.

ఆక్షేపణ: పేరున్న కంపెనీ పెట్టెలో పవరు డొల్ల కాదు కదా?

సమాధానం: కాదు. దాని దోషం మరొకటి. బోర్డునూ ఎస్‌ఎంపీఎస్‌నూ తన సొంత కొలతల్లో చేయించుకొనే కంపెనీలున్నాయి; రెండేళ్ళకు పెద్ద కార్డు పెడదామంటే అందులో చోటూ ఉండదు, తగిన ప్లగ్గూ ఉండదు. కనుక దగ్గర్లో కొట్టూ, ఒక ఆదివారం తీరికా ఉన్నవాడికి విడిభాగాలే మేలని వ్యాఖ్యాత పక్షం. హాస్టలుకు పోయే పిల్లవాడికి, ఏది చెడినా ఒక్క నంబరుకు ఫోను చేసే పెట్టె ఇప్పించడంలో తప్పు లేదు.

పాఠాంతరం: "పవరు"కు బదులు "ర్యాము" అని కొత్త ప్రతుల్లో కనిపిస్తోంది. 2025 చివర్లో ఏఐ డేటా సెంటర్ల గిరాకీకి ర్యాము ధరలు చుక్కలనంటాయి. మైక్రాన్ సంస్థ తన క్రూషియల్ ర్యామును మామూలు కొనుగోలుదారులకు అమ్మడం మానేస్తున్నట్టు ఆ డిసెంబరులోనే ప్రకటించింది. ఇట్టి కాలంలో పాత ధరకు బిగించి పెట్టిన పెట్టె దొరికితే లెక్క తిరగబడుతుంది, మేనమామ కూడా ఒప్పుకోవలసిందే. అయితే 16 జీబీ అంటే రెండు ఎనిమిదులా, ఒకటే పదహారా అని అడగాలి. రెండైతే రెండు దారుల్లో పరిగెత్తి ఆట సాఫీగా సాగుతుంది. ఒకటే అయితే రెండోది తర్వాత కొనుక్కోవచ్చునని కొట్టువాడు అంటాడు. ఏ ధరకో అనడు.