నాకు తగిలించిన రెండో బిరుదు

నేను కార్వెడిలాల్‌ని, బీపీ మాత్రని. అమెరికాలో 1995లో రక్తపోటుకూ, 1997లో హార్ట్ ఫెయిల్యూర్‌కూ అనుమతి పొందాను. బీటా, ఆల్ఫా గ్రాహకాలకు అడ్డుపడి గుండె దూకుడు తగ్గించడం, రక్తనాళాలను సడలించడం నా వృత్తి. ‘యాంటీఆక్సిడెంట్’ అన్నది తర్వాత తగిలించిన బిరుదు. ఆధారం లేకపోలేదు. నా అణువులోని కార్బజోల్ వలయాలు ఫ్రీ రాడికల్స్‌ను పట్టి చల్లారుస్తాయి. కాలేయం నా నుంచి తయారుచేసే కొన్ని పదార్థాలు ఆ పనిలో నాకన్నా ఎన్నో రెట్లు దిట్టలు. కానీ అదంతా పరీక్షనాళికలో మాట. నాళిక వేరు, నరుడు వేరు. మింగిన నాలో రక్తానికి దక్కేది పావు వంతు నుంచి మూడో వంతు దాకా. అందులోనూ 98 శాతం ప్రోటీన్లకు అంటుకుపోతుంది. ఆ దిట్టల మోతాదా, రక్తంలో నాలో పదో వంతే!

మరి మనుషుల్లో ఏం జరిగింది? 1999లో వెలువడిన ఒక అధ్యయనంలో హార్ట్ ఫెయిల్యూర్ రోగుల్లో కొందరికి నన్ను, కొందరికి మెటోప్రోలాల్ అనే మరో బీటా-బ్లాకర్‌ను ఇచ్చి చూశారు. కొవ్వుల ఆక్సీకరణను పట్టిచ్చే టీబార్స్ కొలత (మోటు కొలతే అనుకోండి) నా వాళ్లలో తగ్గింది. మెటోప్రోలాల్ వాళ్లలోనూ అంతే తగ్గింది. దానికి కార్బజోల్ ఊసే లేదు. కాబట్టి తగ్గుదల నిజమే అయినా, ఆ ఘనత నా వలయాలది అనలేను. అడ్రినలిన్ ములుగర్రతో పొడవడం ఆగితే గుండెలో ఫ్రీ రాడికల్స్ పుట్టడమే తగ్గుతుంది. పుట్టాక పట్టుకోవడం వేరే సంగతి.

‘మరి 2003 నాటి కామెట్ పరీక్ష మాటేమిటి?’ అని నా అభిమానులు అడుగుతారు. 3,029 మంది రోగుల్లో నా వైపు మరణాలు 34 శాతం, మెటోప్రోలాల్ వైపు 40. గెలిచాను, కాదనను. కానీ నేను ఆల్ఫానూ, బీటా-2నూ కూడా ఆపుతాను. పైగా ప్రత్యర్థి బరిలోకి దిగింది ప్రభావం త్వరగా దిగిపోయే టార్ట్రేట్ రూపంలో. ఇన్ని తేడాల మధ్య గెలుపును ఒక్క కార్బజోల్‌కు కట్టబెట్టడం ఎలా? యాంటీఆక్సిడెంట్ అయినంత మాత్రాన గుండెకు మేలు జరుగుతుందనీ లేదు. 2000లో ప్రచురితమైన హోప్ పరీక్షలో రామిప్రిల్ అనే నా తోటి బీపీ మందు గుండెపోట్లనూ మరణాలనూ తగ్గించింది. అదే పరీక్షలో పేరుమోసిన యాంటీఆక్సిడెంట్ విటమిన్-ఇ ఏమీ చేయలేకపోయింది. తేల్చాలంటే దారి నాలోనే ఉంది. నేను ఆర్, ఎస్ అనే రెండు రూపాల సమపాళ్ల మిశ్రమాన్ని. బీటాను గట్టిగా ఆపేది ఎస్ ఒక్కటే. ఆల్ఫాను ఆపే గుణం, రాడికల్స్‌ను పట్టే గుణం మాత్రం రెండింటికీ ఉన్నాయి. ఆర్‌ను మాత్రమే రోగులకిచ్చి కొలవండి. అప్పుడూ ఆక్సీకరణ తగ్గి, ఆల్ఫాను మాత్రమే ఆపే మందు దాన్ని అంతగా తగ్గించలేకపోతే, ఆ బిరుదు పుచ్చుకుంటాను.