మిద్దె గట్టిగా ఉన్నవాడికే సూర్యుడు

ఇంటిమీద సోలార్ పలకలు పెట్టుకునే భారతీయుడికి ఆదాయపు పన్నులో మినహాయింపు దొరకదు. దొరికేది నగదు రాయితీ. 2024 ఫిబ్రవరిలో మొదలైన ఈ పథకం పేరు పీఎం సూర్యఘర్ ముఫ్త్ బిజిలీ యోజన. కేటాయింపు 75,021 కోట్ల రూపాయలు, లక్ష్యం కోటి ఇళ్లు. ఒక కిలోవాటుకు 30,000, రెండింటికి 60,000, మూడింటికి 78,000 రూపాయలు ఇస్తారు. ఆపైన ఎంత పెట్టుకున్నా రాయితీ పెరగదు. పేరులో ఉచితం ఉన్నా ఇంటాయన ముందు తన డబ్బుతోనో, బ్యాంకు అప్పుతోనో కట్టాలి. పోర్టల్లో మీటరు సర్వీసు నంబరు ఎక్కించి, ఏజెన్సీని ఎంచుకుని, పలకలు బిగించాక డిస్కం వాళ్లు వచ్చి చూస్తారు. నెట్ మీటరు పెట్టాకే రాయితీ ఖాతాలో పడుతుంది.

ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీ సత్యసాయి జిల్లాలో ఎండకు కొదవ లేదు. జిల్లాలోని నంబులపూలకుంటలో 1,500 మెగావాట్ల సోలార్ పార్కు తలపెట్టి, అందులో ఎన్టీపీసీ వాటా 250 మెగావాట్లను 2016లోనే పూర్తిచేశారు. పెనుకొండ కోటగోడల మీద చెయ్యి పెడితే కాలే ఎండ ఊళ్లో మిద్దెలమీదా కాస్తుంది. కిలోవాటు పలకలు రోజుకు సుమారు 4 యూనిట్లు ఇస్తాయి. కరవుకు పేరుపడ్డ సీమలో ఏటా నమ్మకంగా పండే పంట ఇదొక్కటే.

ఆ పంట లెక్క చూడాలి. పథకం రాయితీ లెక్కకు మొదటి రెండు కిలోవాట్లకు ఒక్కోదానికి 50,000, మూడోదానికి 45,000 ఖర్చు కింద పట్టుకుంది. నెలకు 75 యూనిట్లు వాడే ఇంటికి, మొదటి 30 యూనిట్లు 1.90 చొప్పున, మిగతావి 3 రూపాయల చొప్పున, కరెంటు ఛార్జీ 192 రూపాయలు. ఒక కిలోవాటు పెట్టుకుంటే రాయితీ పోను చేతినుంచి పడేది 20,000. అది తిరిగి రావడానికి ఎనిమిదేళ్ల ఎనిమిది నెలలు పడుతుంది. నెలకు 300 యూనిట్లు వాడే ఇల్లు యూనిట్‌కు 8.75 రూపాయల శ్లాబుదాకా ఎక్కుతుంది. దాని ఛార్జీ 1,673 రూపాయలు. మూడు కిలోవాట్లకు చేతినుంచి పెట్టేది 67,000, అది మూడేళ్ల నాలుగు నెలల్లో వసూలవుతుంది. కరెంటు పొదుపుగా వాడినవాడు ఎనిమిదేళ్లు, దండిగా వాడినవాడు మూడేళ్లు ఓపిక పట్టాలన్నమాట. రాష్ట్ర ప్రభుత్వం ఎస్సీ, ఎస్టీ ఇళ్లకు రెండు కిలోవాట్లు పూర్తిగా ఉచితమనీ, బీసీలకు మరో 20,000 కలిపి ఇస్తామనీ చెప్పి ఈ తేడాను కొంత సరిచేసింది. అయితే పలకలు గాలిలో నిలబడవు. వాటికి సొంత ఇల్లు, బరువు మోసే పైకప్పు కావాలి.

పాత ఊళ్లలో ఇప్పటికీ అక్కడక్కడా మిగిలిన మట్టిమిద్దె ఆ బరువు మోయలేదు. దూలాలు, దంతెలు పరిచి, కంప కప్పి, పైన మట్టి దట్టించి, తొలకరికి ముందు చవుడు పోసి కాపాడుకునే కప్పు అది. వెలుతురు గవాచిలోంచి దిగుతుంది. మూరెడు మందం గోడల వల్ల మిట్టమధ్యాహ్నం లోపల చల్లగా ఉంటుంది, ఫ్యాను తిరగకపోయినా నిద్రపడుతుంది. ఇంధన పొదుపు అనే మాటకు ఇంతకంటే మంచి నమూనా ఈ నేలమీద లేదు. కనుక దానికి రాయితీ కూడా లేదు. రాయితీకి అర్హత సంపాదించే క్రమం వేరు. ముందు మిద్దెను పడగొట్టి స్లాబు వేయాలి. స్లాబు కింద ఉడికిపోతారు గనుక ఏసీ కొనాలి. ఏసీకి ఐదు నక్షత్రాలు ఉంటే పొదుపు చేసినట్టే, 2006 నుంచి ఆ నక్షత్రాలను ప్రభుత్వ సంస్థే పంచుతోంది. దాంతో బిల్లు 8.75 శ్లాబు ఎక్కుతుంది. అప్పుడు పలకలు పెట్టిస్తే దేశం 78,000 రూపాయలతో సత్కరిస్తుంది.

ఇల్లు ఎలాంటిదని అడగకుండా అందరికీ అందిన పొదుపు పథకం ఒకటి ఈ ప్రాంతానికి వచ్చింది. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం అప్పటికింకా అనంతపురం జిల్లాలోనే ఉన్న 2014లో ఇంటికి రెండు ఎల్ఈడీ బల్బులు, ఒక్కోటి 10 రూపాయలకు ఇచ్చారు. పాత బల్బు ఇచ్చి కొత్తది పట్టుకుపోవడమే. అద్దె ఇంటివాళ్లకూ అందింది, గుడిసెలోనూ వెలిగింది.

ధర్మవరం సంగతి ఇంకా చిత్రం. గుంటమగ్గం నడిచేది కాళ్లూ చేతులతో. నేతగాడు నడుందాకా గుంటలో దిగి తొక్కుతుంటే, ఇల్లాలు పక్కన రాట్నం తిప్పి కండెలు చుడుతుంది. కరెంటు కావలసింది జరీ పోగు కనపడేందుకు ఒక బల్బుకు. ఈ యంత్రానికి నక్షత్రాలు ఇవ్వాలంటే ఐదు చాలవు. రాష్ట్రంలోని కూటమి ప్రభుత్వం చేమగ్గానికి నెలకు 200, మరమగ్గానికి 500 యూనిట్లు ఉచితమని ప్రకటించింది. కాళ్లతో తొక్కేవాడికంటే మోటారు తిప్పేవాడికి రెండున్నర రెట్లు. అద్దె ఇంట్లో మగ్గం వేసుకున్నవాడికి సోలార్ మాట ఎత్తే పనే లేదు. మిద్దె యజమానిది, ఎండ దేవుడిది.

పన్ను లాభం అసలే లేదనడం కూడా తప్పు. అది వ్యాపారానికి ఉంది. హిందూపురంలో చింతపండు నిల్వచేసే కోల్డ్ స్టోరేజీ యజమాని పైకప్పు మీద పలకలు పెడితే, వాటి ఖరీదులో 40 శాతాన్ని మొదటి ఏడే తరుగుదలగా చూపించి పన్ను తగ్గించుకోవచ్చు. 2017కు ముందు అది 80 శాతం. అవే పలకలు అదే యజమాని ఇంటిమీద ఉంటే తరగవు. ఆదాయపు పన్ను శాఖ దృష్టిలో ఇంటిమీది సోలార్ పలక అజరామరం.

పైగా ఇంటాయన జీఎస్టీ కట్టాలి. పలకల సరుకు మీద 12 శాతం, బిగింపు పని మీద 18 శాతం కలిపి లక్ష రూపాయల పనికి 13,800 అయ్యేది. 2025 సెప్టెంబరు 22 నుంచి సరుకు మీద 5 శాతానికి దించడంతో అది 8,900 అయింది. రాయితీ ఇచ్చే ముందు అందులో కొంత భాగాన్ని ఇంటాయన దగ్గరే వసూలు చేసుకోవడం ముందుచూపు.

అమెరికాలో 1978లో అధ్యక్షుడు కార్టర్ కాలంలోనే ఇంటి సోలార్‌కు పన్ను రాయితీ పెట్టారు, మధ్యలో ఎత్తేశారు, 2005 చట్టంతో మళ్లీ తెచ్చారు. ఖర్చులో 30 శాతం పన్నులోంచి మినహాయించే ఈ ఏర్పాటు 2032 దాకా ఉంటుందని 2022లో చట్టం రాశారు. 2025 జులై 4న మరో చట్టం చేసి ఆ ఏడాది డిసెంబరు 31తో ముగించారు. డాలస్‌లో ‘వచ్చే ఏడు చూద్దాంలే’ అనుకున్న తెలుగు కుటుంబాలకు ఇప్పుడు సొంత ఊళ్లో పెద్దవాళ్ల మిద్దెమీద పలకలు పెట్టించడం ఒక్కటే మిగిలింది.

అది కూడా త్వరగా తేల్చుకోవాలి. సూర్యఘర్ గడువు 2026-27 ఆర్థిక సంవత్సరం దాకానే. మట్టిమిద్దెలను పడగొట్టి స్లాబు వేసుకుని, బిల్లు పెంచుకుని, దరఖాస్తు పెట్టుకోవడమంతా 2027 మార్చిలోగా జరగాలి.