ఆటకొక టైంటేబులు

చందానగరు ఎం.ఎం.టి.ఎస్. స్టేషనులో దిగి ముంబయి రహదారి వైపు నడచుచున్నంతసేపును నన్ను వెంటాడునది ప్లేస్కూలు ఫ్లెక్సీ. దానిపై రెండున్నరయేండ్ల పసివాడొకడు, పట్టభద్రుల నల్లకోటును, నల్లటోపీని ధరించి, తనకింకను చెడ్డీ విప్పుకొనుట చేతగాదన్న రహస్యమును దాచి, గంభీరముగ నవ్వుచుండును. క్రింద 'ఆటల ద్వారా భాష' అని పెద్దయక్షరములు. ఆట లేనిదే పసిబిడ్డకు మాట రాదనుట పరమసత్యము, కాదనుటకు నేనెవడను? ఆ సత్యమును నిన్న మొన్న తామే కనుగొన్నట్లును, దానిని వాయిదాలపై కొనుక్కొనవచ్చునన్నట్లును వారు ప్రకటించుటయే వింత.

ప్రక్క ఫ్లాటువారు తమ కుమారుని చేర్పింపబోవుచు తోడు రమ్మనగా, నేనును అట్టి విద్యాలయము నొకదానిని దర్శించితిని. గోడమీది టైంటేబులులో 10.20 నుండి 10.40 వరకు స్వేచ్ఛాక్రీడ యని యుండెను. గంట మ్రోగగానే స్వేచ్ఛ సమాప్తము. ఒక పాప చెక్కదిమ్మలను వరుసగా పేర్చి, "జరగండి, జరగండి, లింగంపల్లి రైలొచ్చింది!" అని కేకవేసినంతనే, టీచరమ్మ పరుగున వచ్చి "ఇంగ్లీషు ప్లీజ్" అనెను. పాప నోరు మూసికొనెను. లింగంపల్లిలో బయలుదేరిన రైలు చందానగరు చేరకమునుపే నిలిచిపోయెను. పిమ్మట ఆ పాపకు 'ట్రెయిన్' అను ఫ్లాష్‌కార్డు చూపిరి.

2020 నాటి జాతీయ విద్యావిధానము పేరు ఆ బడి కరపత్రముపై బంగారు వన్నెలో మెరయుచున్నది. వీలైనచోటనెల్ల కనీసము అయిదవ తరగతి దాకనైనను ఇంటిభాషలోనే బోధన సాగవలెనని అందున్న మాట మాత్రము కరపత్రమున కెక్కలేదు. చోటు చాలకపోయియుండును.

ఇక ఆ ప్రక్క ఫ్లాటువారి ఇంటి సంగతి. పిడుగురాళ్ళ నుండి మనుమని కొరకై వచ్చిన నాయనమ్మతో కోడలు, "అత్తయ్యా, వాడితో తెలుగులో మాట్లాడకండి, కన్‌ఫ్యూజ్ అవుతాడు" అని వినయముగానే విన్నవించెను. ఆ వృద్ధురాలికి గుజ్జనగూళ్ళు వచ్చును, లేని అన్నమును ఉన్నట్లు వడ్డించి, "ఇంకొంచెం వెయ్యనా, చాలా?" అని యడిగి, బిడ్డచేత బదులు పలికించు విద్య యది. దాగుడుమూతలు వచ్చును, మంచముక్రింద, తలుపువెనుక, బీరువాప్రక్కన వెదకుచు వెదకుచు పిల్లవాడు విభక్తులన్నియు ఏరుకొనును. (పేరులో బాలశబ్దమున్నంతమాత్రమున చిన్నయసూరి బాలవ్యాకరణము చదివి ఏ బాలుడును మాటలు నేర్వలేదు గదా!) ఇన్ని వచ్చియు నోరు కట్టువడిన నాయనమ్మ వంటింటి గడపలో కూర్చుండెను, మనుమనికి ట్యాబు వచ్చెను.

నాయనమ్మ మాట చెల్లదన్నచో అమెరికా మాటయైనను విందము. వాషింగ్టన్ విశ్వవిద్యాలయమున పెట్రీషియా కూల్ బృందమువారు, ఇంట ఆంగ్లము మాత్రమే వినుచున్న తొమ్మిదినెలల శిశువులయెదుట చైనాభాష మాట్లాడువారిని కూర్చుండబెట్టి, బొమ్మలతోను పుస్తకములతోను 12 పూటలు ఆడించిరి. ఆ శిశువులు చైనాభాషలోని ధ్వనిభేదములను పసిగట్టిరి. అదే భాషను తెరపై చూపినప్పుడు మాత్రము ఏమియు పట్టుపడలేదు. 2003లో ప్రకటితమైన ఈ ఫలితము, ఐటీ కారిడారులో కృత్రిమమేధస్సుకు మాటలు నేర్పుచున్న ఆ పిల్లవాని తండ్రికి తెలియదనుకొందునా? పన్నెండు పూటలకే పరభాషను చెవికెక్కింపగల సాధనము మోకాళ్ళు పట్టుకొని గడపలోనే యుండగా, ఆయన ట్యాబులోని 'మాటల ఆట'కు ఏడాది చందా కట్టెను.

నిన్నటి సాయంకాలము ఆయనయే ఒక ఫారము పట్టుకొని మా తలుపు తట్టెను. బడిలో 'సాంప్రదాయ క్రీడల మాడ్యూలు' ఆరంభించుచున్నారట, ఫీజు వేరట, ఇంటి పెద్దలాడిన ఆట యొకదానిని ఆంగ్లములో వర్ణింపవలెనట.

"చెమ్మచెక్కను ఇంగ్లీషులో ఏమంటారండీ?" అని యడిగెను.

నాకు తోచలేదు. నాయనమ్మనే యడుగుదమంటిని. ఆమె ఆ మధ్యాహ్నముననే పల్నాడు ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఊరికి వెడలిపోయినదట.